పెరటిలో మఱియొక వాటా

సంక్రాంతికి ఇంటికి వచ్చిన కుమారుడు భోజనానంతరము పెరటిలోనికి పోయి, అడుగులో అడుగు వేసి అటునిటు కొలిచి, "నాన్నగారూ, ఇక్కడ రెండు గదులు పడతాయి కదండీ" అనినచో, ఆ యింట ఉగాది వఱకు వేఱు మాట వినబడదు. తండ్రికి నెలనెలా వచ్చు అద్దె కనబడును. తల్లికి మనుమల సందడి వినబడును. కోడలికి తనదంటూ ఒక వంటయిల్లు కనబడును. ఆమె మాత్రము పైకి చెప్పదు. ఎవరి మనస్సులో నేమున్నదో తేలకమునుపే మేస్త్రీ వచ్చి ముగ్గు పోసివేయును.

కావున ఆ వాటా ఎవరి కొఱకన్నది మొట్టమొదట తేల్చుకొనవలసిన మాట. ఈ విషయమున మేము చేయి కాల్చుకొన్నవారమే. మా తల్లిగారి నిమిత్తము మేడమీద గది వేయించితిమి. గాలి, వెలుతురు పుష్కలముగా నుండునని మా యూహ. ఆమె రెండేండ్లు పదునెనిమిది మెట్లు ఎక్కి దిగినది. పిమ్మట మోకాళ్ళు సహకరింపక క్రింది వసారాలోనికే మంచము వేయించుకొన్నది. ఆ గది చదువుకొను పిల్లలకు అద్దెకు పోయినది. పెద్దవారికైనచో నేలమట్టమున గది యుండవలెను. స్నానపుగది గదికి ఆనుకొని యుండవలెను. గడప ఎత్తు లేకుండవలెను. కిటికీ పెద్దింటి వంటగదివైపు తెఱచుకొనవలెను, పిలిచిన పలుకు వినబడునట్లు. అద్దెకైనచో అంతయు తలక్రిందులు. వీధినుండి వేఱు దారి, వేఱు విద్యుత్ మీటరు, వేఱు నీటితొట్టి, మన వంటగది కనబడని కిటికీ. రెండింటికిని ఒకే కట్టడము చాలునని తలంచినవారు కడకు రెండింటికిని పనికిరాని దానిని కట్టుకొందురు.

ఎంత చోటు వలయును? మన జాతీయ నిర్మాణ స్మృతి కనీసపు కొలతలను చెప్పుచున్నది. రెండు గదుల వాటాలో ఒక గది 9.5 చదరపు మీటర్లకు, రెండవది 7.5 చదరపు మీటర్లకు తగ్గరాదు. వంటగది 5, స్నానపుగది మరుగుదొడ్డి కలిపి యున్నచో 2.8 చదరపు మీటర్లు. వీనిని కూడినచో ఇంచుమించు 267 చదరపు అడుగులగును. గోడల మందము, మంచము వాల్చుకొనుటకు చిన్న వసారా కలుపుకొన్నచో 400 అడుగులకు వచ్చును. కప్పు ఎత్తు 2.75 మీటర్లు, అనగా తొమ్మిది అడుగులు. ఇవి కనీసములే గాని సౌఖ్యమునకు కొలతలు కావు. కిటికీల విషయమున ఆ స్మృతి శీతోష్ణస్థితిని బట్టి భేదము పాటించినది: ఉక్కపోత గల తీరప్రాంతమున నేల వైశాల్యములో ఆఱవవంతు, పొడి వేడిమి గల సీమలలో పదవవంతు గాలి వచ్చు మార్గముండవలెను. కాకినాడ యింటి నమూనాను అనంతపురమునకు తెచ్చుకొన్నవారు మే నెలలో దాని ఫలితము ననుభవింతురు.

ఇక అనుమతి. "నా పెరటిలో నేను కట్టుకొనుటకు ఎవరి సెలవు కావలెను?" అని పలువురు ప్రశ్నింతురు. పురపాలక సంఘమైనను, పంచాయతీయైనను అనుమతి వలసినదే. రెండవ కట్టడమును మొదటిదానితో కలిపియే లెక్కింతురు. చుట్టును విడువవలసిన ఖాళీ స్థలము, ముందున్న వీధి వెడల్పు, కట్టడము ఎత్తు, అన్నియు ఒకదానితో నొకటి ముడిపడి యున్నవి. 2007 చివరను, మరల 2015 లోను ప్రభుత్వములు అపరాధ రుసుము కట్టించుకొని అక్రమ కట్టడములను క్రమబద్ధము చేయు అవకాశమిచ్చినవి. నాటినుండి "ముందు కట్టుదము, తరువాత చూచుకొందము" అను ధైర్యము మనవారిలో పెరిగినది. అట్టి అవకాశము మరల వచ్చునని నమ్మి ఇల్లు కట్టుట లాటరీ చీటీని నమ్మి అప్పు చేయుట వంటిది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున దీనికి భిన్నమైన మార్గమును త్రొక్కినారు. ఇండ్ల కఱవు తీవ్రము కాగా 2016 నుండి వరుసగా చట్టములు చేసి, పెరటి వాటాలకు ఊళ్ళు అడ్డుచెప్పు అధికారమును తగ్గించినారు. 2020 నుండి దరఖాస్తు పూర్తిగా నున్నచో 60 దినములలో తేల్చవలెను; ప్రక్కలను వెనుకను 4 అడుగులు విడిచినచో 800 చదరపు అడుగుల వాటాను స్థలము చాలదను సాకుతో నిరాకరింపరాదు. దానిని వారు ముద్దుగా 'గ్రానీ ఫ్లాట్' అందురు. మామ్మగారి వాటా అన్నమాట. అచ్చట స్థిరపడిన మన పిల్లల యిండ్లకు పోయివచ్చు తలిదండ్రులలో కొందఱు ఇట్టి వాటాలలోనే బస చేయుచున్నారు. వారి చట్టము మనకు వర్తింపదు సరే. అచ్చటి చిత్రమును చూచి ఇచ్చట నాలుగడుగులు చాలునని వాదింపవద్దు.

కార్యాలయము సమ్మతించినను పొరుగువారు మిగిలియుందురు. మన గోడ లేచినచో వారి కిటికీ మూతపడునా? 1882 నాటి సుఖభోగ హక్కుల చట్టము ప్రకారము, ఒక యింటికి ఒక కిటికీ గుండ 20 సంవత్సరములు నిరాటంకముగా, హక్కుగా వెలుతురును గాలియు వచ్చుచుండినచో, వానిని గణనీయముగా అడ్డగించువానిపై వ్యాజ్యము వేయవచ్చును. ముగ్గు పోయక మునుపే పొరుగువారిని పిలిచి పటము చూపినచో, కోర్టు ఖర్చు కాఫీ ఖర్చుతో పోవును.

అన్నదమ్ముల మాట ఇంతకంటె సున్నితము. స్థలము తండ్రిది, ధనము చిన్నకుమారునిది, కట్టినది ఎవరిది? తండ్రి జీవించియున్నంత కాలము ఈ ప్రశ్నను ఎవరును అడుగరు. స్థలము పిత్రార్జితమైనచో కుమార్తెలును అడుగవలసినవారే. ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణ చట్టము, దేశమంతటను 2005 నాటి సవరణ చట్టము వారికి కుమారులతోడి జన్మహక్కును కల్పించినవి. మా యెఱుకలో ఒక కుటుంబమున పెద్దకుమారుడు తన భవిష్యనిధి సొమ్ముతో పెరటిలో వాటా కట్టి, తండ్రి పోయిన పిమ్మట పంపకములలో దానిని తోబుట్టువులతో పంచుకొనవలసి వచ్చినది. ఎవరును అన్యాయము తలపెట్టినవారు కారు. కాగితము లేదు, అంతే. రూపాయి పెట్టుటకు ముందు హక్కుదారులందఱును కూర్చుండి, న్యాయవాదిచేత వ్రాయించుకొని, అవసరమైనచో రిజిస్టరు చేయించుకొనుట అవిశ్వాసము కాదు. అద్దెకిచ్చువారు గూడ ఒక సంగతి గమనింపవలెను: ఒక సంవత్సరమునకు మించిన కౌలు పత్రము రిజిస్టరు కావలెను.

బావి గల యిండ్లవారు ఈ భాగమును శ్రద్ధగా చదువ ప్రార్థన. క్రొత్త వాటాకు మరుగుదొడ్డి వచ్చును. దానికి సెప్టిక్ ట్యాంకు, ఆ నీటికి ఇంకుడుగుంట వచ్చును. మా వీధిలో ఒకరు ఆ గుంటను బావికి పండ్రెండడుగుల దూరమున త్రవ్వించిరి. వేసవిలో ఏమియు తెలియలేదు. తొలకరి వానలకు భూగర్భజలము పైకి రాగా, ఆ యింటి పిల్లలిద్దఱును విరేచనములతో ఆసుపత్రి పాలైరి. బావినీరు కంటికి తేటగానే యుండినది. ఇంకుడుగుంట త్రాగునీటి బావికి 18 మీటర్లు, అనగా 60 అడుగుల దూరముననైన నుండవలెనని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. అరువది అడుగుల పెరడు నేడు ఎందఱికి గలదు? భూగర్భ మురుగుకాలువ వీధిలో నున్నచో దానికి కలుపుట ఉత్తమము. లేనిచో రెండింటిలో నొకటి వదలుకొనవలెను. ఆ బావిని త్రాగుటకు మానవలెను, లేక వాటాను మానవలెను. రెండును ఉంచుకొందుమనువారికి మేస్త్రీలు వత్తాసు పలుకుదురు. వారు ఆ నీరు త్రాగబోవుట లేదు.

కట్టుబడి విషయమున మేము చూచిన తప్పులలో ముఖ్యమైనది, క్రొత్త గోడను పాతగోడలోనికి పండ్లు పెట్టి కలుపుట. పాతయిల్లు ముప్పదియేండ్లుగా కూర్చున్నది. క్రొత్తది ఇంక కూర్చుండవలసియున్నది. రెండింటిని బంధించినచో క్రొత్తది క్రుంగునపుడు చీలిక తప్పదు. నడుమ అంగుళము సందు విడిచి, పైన నీరు దిగకుండ కప్పుట మంచిది. పాతగోడ ప్రక్కనే దాని పునాదికంటె లోతుగా కందకము త్రవ్వుటయు అపాయకరము. తప్పనిచో ఇంజనీరు సలహాతో కొంచెము కొంచెముగా త్రవ్వి కట్టుకొనుచు పోవలెను. నల్లరేగడి నేలలో ఈ జాగ్రత్తలు సైతము చాలవు. ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొనిపోవును. అట్టిచోట లోతుగా దిగి, అడుగున ఉబ్బెత్తుగా నుండు కాంక్రీటు స్తంభములపై కట్టుట వాడుకలో నున్నది.

స్లాబు పోసిన మఱునాటినుండి మేస్త్రీ కనబడడు. తడుపు బాధ్యత గృహస్థునిదే. ఉదయము ఒక బిందె, సాయంకాలమొక బిందె చల్లుట తడుపుట కాదు. చుట్టును మళ్ళు కట్టి నీరు నిలుపవలెను. సాధారణ సిమెంటునకు ఏడు దినములు కనీసము. ఎండలు మండునపుడు పది. నేడు విరివిగా దొరకు బూడిద కలిసిన సిమెంటునకు పది కనీసము, పదునాలుగు మేలు.

గొట్టములను మట్టితో కప్పుటకు ముందు, ఏ గొట్టము గోడకు ఎన్ని అడుగుల దూరమున ఎంత లోతున పోవుచున్నదో ఒక కాగితముపై గీచి యుంచుకొనుడు. మేము గీచినది ఇంటి దస్తావేజులతో ఒకే సంచిలో నున్నది. గత వేసవిలో వెనుక వాటాకు పోవు నీటిగొట్టము కారినపుడు దానిని తీసి చూచి, ఒక్క బండను మాత్రమే లేపించితిమి.