డప్పు తెర మీద, పేరు ఎక్కడ? ఫోక్ వీడియోల వెనుక లెక్క

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఇవాళ ఒక జానపద పాటకు వీడియో తీయాలంటే హైదరాబాద్ పోవాల్సిన పని లేదు. పెళ్లి ఫొటోగ్రాఫర్ దగ్గర మంచి కెమెరా ఉంది, గింబల్ ఉంది, డ్రోన్ కిరాయికి దొరుకుతుంది. లొకేషన్లకూ కొదవ లేదు. అనుమతి దొరికితే దోమకొండ గడీ, పోచారం చెరువు పరిసరాలు, లింగంపేటలోని నాగన్న మెట్ల బావి ఉన్నాయి. నిజాంసాగర్ కాలువల కింద నాట్లు పడ్డప్పుడు ఏ గట్టు మీద నిలబడ్డా ఫ్రేము నిండుతుంది.

ఈ వీడియోల్లో డప్పు ఉంటుంది, నాటు ఉంటుంది, ఎల్లమ్మ బోనం ఉంటుంది, వాడ యాస ఉంటుంది. దళితుల జీవితం లేకుండా తెలంగాణ ఫోక్ సాంగ్ లేదు. కానీ దర్శకుడి కుర్చీలో ఎవరున్నారు, చానెల్ ఎవరి ఖాతాలో ఉంది, పేర్ల పట్టికలో ఎవరి పేరు పడింది అని అడిగితే జవాబు వేరేగా వస్తుంది. దీన్ని గౌరవానికి సంబంధించిన విషయంగా మాత్రమే చూస్తున్నాం. చట్టం ప్రకారం ఇది ఆస్తి విషయం కూడా. పేరు పడకపోతే హక్కే పోయే నిబంధన ఒకటి మన కాపీరైట్ చట్టంలో ఉంది. అది అర్థం కావాలంటే ముందు ఒక వీడియో ఎట్లా తయారవుతుందో చూడాలి.

పాట ముందు, కెమెరా తర్వాత

వీడియో సాంగ్‌లో ముందు తయారయ్యేది ఆడియో. పాటకు ఒక వేగం ఖాయం చేసి, రఫ్ ట్రాక్ పాడిస్తారు. దాని మీద కీబోర్డు ప్రోగ్రామింగ్ నడుస్తుంది. తర్వాత అసలు గొంతు, చివరికి మిక్సింగ్, మాస్టరింగ్. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మనకు వినిపించే డప్పు చాలాసార్లు ఏ మనిషీ ఆ పాట కోసం కొట్టింది కాదు. కంప్యూటర్‌లో దాచి ఉంచిన శాంపిల్ నుంచి తీసి అతికించింది.

ఈ దశలోనే పాట ఎక్కడిది అన్న సంగతి కూడా తేలిపోతుంది. నాటేసేటప్పుడు పాడే పాటను ఎవరో ఫోన్‌లో రికార్డు చేసుకుంటారు. పల్లవి ఉంచి రెండు చరణాలు కొత్తగా కడతారు. పేర్ల పట్టికలో 'సాహిత్యం' అనో 'సేకరణ' అనో ఒక పేరు పడుతుంది. సేకరణ అనే మాటను కొంచెం ఆగి చూడండి. తీసుకున్నవారి పేరు అందులో ఉంటుంది, ఇచ్చినవారి పేరు ఉండదు. పాడిన అమ్మ 'జానపదం' అయిపోతుంది.

షూటింగ్ రోజు

బడ్జెట్ తక్కువ కాబట్టి చాలా పాటలు ఒకటి రెండు రోజుల్లో ముగించాలి. దర్శకుడి అసలు పని అంతకు ముందే, కాగితం మీద ఉంటుంది. పల్లవికి ఏ లొకేషన్, ఏ చరణానికి ఏ బట్టలు, ఎక్కడ డాన్స్, ఎక్కడ కథ అని పాటను ముక్కలు చేసుకోవాలి. పొద్దున, సాయంత్రం వచ్చే మెత్తని ఎండను ముఖాల క్లోజప్‌లకు దాచుకుని, నడినెత్తి ఎండలో డ్రోన్ షాట్లు, దూరపు షాట్లు కానిచ్చేస్తారు.

సెట్‌లో పాట స్పీకర్‌లో మోగుతుంది, నటీనటులు దానికి పెదాలు కలుపుతారు. స్లో మోషన్‌లో పెదాలు కలవాలంటే చిన్న కిటుకు ఉంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియో కోసం 50 ఫ్రేముల్లో తీస్తూ, పాటను రెట్టింపు వేగంతో మోగించాలి. ఎడిటింగ్‌లో వేగం సగానికి తగ్గించినప్పుడు నడక నెమ్మదిస్తుంది, మాట మాత్రం పాటతో సరిగ్గా కలుస్తుంది. తర్వాత రంగులు సరిదిద్దే డీఐ, పోస్టర్, ప్రోమో, రీల్స్ కోసం చిన్న ముక్కలు, అప్‌లోడ్.

డప్పు దళం ఈ వరసలో ఎక్కడ వస్తుంది? సైడ్ డాన్సర్ల పక్కన, ఎద్దులబండి, లాంతర్లతో పాటు 'కావలసినవి' అన్న జాబితాలో వస్తుంది. డబ్బు దళం పెద్ద చేతికి గంపగుత్తగా పోతుంది, ఎవరెవరు వచ్చారో రాసుకునేవాళ్లు ఉండరు. తోలు డప్పును మంట మీద కాపితే తప్ప పలకదు. ఆ కాపడంలోనే సగం విద్య ఉంది. కానీ శబ్దం స్పీకర్‌లోంచి వస్తున్నప్పుడు డప్పు కాగిందా లేదా అని ఎవరడుగుతారు? కొట్టేవాడి చేతులు కావాలి, చిందు కావాలి, చెమట కావాలి. అతని శబ్దం అక్కర్లేదు.

గాయని విషయంలో ఇది తిరగబడుతుంది. గొంతు ఊరి ఆమెది, తెర మీద ముఖం ఇంకొకరిది. ఒకరి దగ్గర చేతులు తీసుకుని శబ్దం వదిలేస్తారు, ఇంకొకరి దగ్గర గొంతు తీసుకుని మనిషిని వదిలేస్తారు. రెండూ ఒకే వీడియోలో జరుగుతాయి. వెట్టి చేసినవాళ్ల పాటకు గడీ అందమైన వెనకతెర అయ్యేది కూడా అక్కడే.

ఇవే కెమెరాలు మిగతా రోజుల్లో బట్టల షోరూములకు, నగల దుకాణాలకు, ప్రైవేటు బడులకు, ప్లాట్ల వెంచర్లకు యాడ్లు తీస్తాయి. ప్రీ వెడ్డింగ్ షూట్లు చేస్తాయి. చిన్న ఊళ్లలో టీములకు నిలకడగా డబ్బు వచ్చేది వీటి నుంచే. ఫోక్ సాంగ్ వాళ్ల పనితనం చూపించే విజిటింగ్ కార్డు. యాడ్‌లో నగ తొడిగే చేతికి, చీర కట్టే ఒంటికి 'రంగు' చూస్తారు. పాటలో కూలి మనిషిగా పనికొచ్చిన ముఖం యాడ్‌లో కొనుగోలుదారుగా కనపడదు. పాట తెచ్చిన పేరు దళిత కళాకారుడికి తర్వాతి పనిగా మారకపోవడానికి ఇదొక కారణం.

పేరు పడకపోతే ఏం పోతుంది?

కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో పెద్ద సవరణ జరిగింది. సెక్షన్ 2(క్యూక్యూ) ప్రకారం నటులు, గాయకులు, వాద్యకారులు, నాట్యకారులే కాదు, గారడీ చేసేవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా 'ప్రదర్శకులు'. సెక్షన్ 38 వీళ్లకు 50 ఏళ్ల పాటు ప్రదర్శకుల హక్కు ఇస్తుంది. 38ఏ ప్రకారం సినిమాలో చేరడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాత ఆ హక్కును వాడుకోవడానికి అడ్డు చెప్పలేరు. అయినా వాణిజ్యపరమైన వాడకానికి రాయల్టీ పొందే అర్హత ప్రదర్శకులకు ఉంటుంది. 38బీ నైతిక హక్కులు ఇస్తుంది. ఈ ప్రదర్శన నాది అని చెప్పుకునే హక్కు ఒకటి, తన పేరు చెడేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ఇంకొకటి. చట్టం దృష్టిలో యూట్యూబ్ వీడియో సాంగ్ కూడా 'సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్' కిందికే వస్తుంది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ 2012 సవరణ 2(క్యూక్యూ)కు ఒక మినహాయింపు చేర్చింది. సినిమాలో ఒకరి ప్రదర్శన యాదృచ్ఛికమైనది, అప్రధానమైనది అయి, పరిశ్రమ అలవాటు ప్రకారం వారి పేరు ఎక్కడా, క్రెడిట్స్‌లో కూడా, వేయని పక్షంలో వారిని ప్రదర్శకులుగా లెక్కించరు. వక్రీకరణను అడ్డుకునే హక్కు ఒక్కటే వారికి మిగులుతుంది.

ఈ వాక్యాన్ని డప్పు దళం వైపు నుంచి చదవాలి. పేరు వేయకపోవడం పరిశ్రమ అలవాటు. ఆ అలవాటు ఎవరి విషయంలో పుట్టిందో మనకు తెలుసు. పాత అలవాటే ఇప్పుడు చట్టంలో కొలబద్ద అయింది. డప్పు కళాకారుడి ప్రదర్శన 'అప్రధానం' కాదని వాదించవచ్చు, వాదించాలి. కానీ తెర మీద పేరు ఉంటే ఆ వాదనే అవసరం పడదు. అందుకే క్రెడిట్స్‌లో ఒక్కొక్కరి పేరూ అడగడం బతిమాలడం కాదు. హక్కు గడప దాటడం.

చానెల్ ఎవరిదైతే పాట వారిదేనా?

యూట్యూబ్‌లో ఇప్పుడున్న నియమాల ప్రకారం ప్రకటనల ఆదాయం పూర్తిగా రావాలంటే చానెల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణం, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణాలు ఉండాలి. మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం చానెల్‌కు పోతుంది. ఆ తర్వాత గాయనికి ఎంత, రచయితకు ఎంత, దళానికి ఎంత అన్నది యూట్యూబ్ చూడదు. అది పూర్తిగా ఒప్పందం మీద ఆధారపడుతుంది. ఒప్పందం లేకపోతే రోజు కూలితో లెక్క ముగుస్తుంది, వీడియో మాత్రం ఏళ్ల తరబడి సంపాదిస్తూనే ఉంటుంది.

ఇంకో చిక్కు కంటెంట్ ఐడీ. పెద్ద చానెళ్లు, ఆడియో కంపెనీలు తమ పాటను ఈ వ్యవస్థలో నమోదు చేస్తే, అదే రికార్డింగు, కొన్నిసార్లు అదే బాణీ, ఇంకెక్కడ వినిపించినా క్లెయిమ్ పడవచ్చు. అంటే తరతరాలుగా ఆ పాట పాడుతున్న వాడ పిల్లలు తమ చానెల్‌లో పెట్టుకుంటే ఆదాయం ఇంకొకరికి పోయే ప్రమాదం ఉంది. నియమం మాత్రం స్పష్టం. తమకు మాత్రమే హక్కున్న సరుకునే అందులో నమోదు చేయాలి, అందరిదైన జానపదాన్ని చేయకూడదు. తప్పుడు క్లెయిమ్ పడితే దాన్ని సవాలు చేయవచ్చు, చేసినవాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి. చట్టం కూడా ఇంతే చెబుతుంది. కొత్తగా రాసిన చరణాల మీద, కొత్త సంగీత కూర్పు మీద, ఆ రికార్డింగు మీద హక్కు పుడుతుంది. పాత పల్లవి మీద పుట్టదు.

ఇది కొత్త గొడవ కాదు

2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం జానపద పల్లవి మీద సుద్దాల అశోక్ తేజ రాసిన 'సారంగదరియా'ను మంగ్లీ పాడారు. ఆ పాటను సేకరించి వెలుగులోకి తెచ్చింది తానని గాయని కోమల బహిరంగంగా చెప్పినప్పుడు సేకరణకు విలువెంత అన్న చర్చ టీవీల దాకా పోయింది. అప్పుడు కూడా మొదట పాడిన మనుషులు ఎవరన్న ప్రశ్న వెనకే ఉండిపోయింది.

అదే ఏడాది తమిళంలో 'ఎంజాయ్ ఎంజామి' వచ్చింది. తేయాకు తోటల కూలీలైన తన పూర్వీకుల కథను దళిత కవి, గాయకుడు అరివు అందులోకి తెచ్చారు. తర్వాత ఒక సంగీత పత్రిక ముఖచిత్రం మీద ఆయన లేకపోవడాన్ని దర్శకుడు పా. రంజిత్ ప్రశ్నించారు. 2024లో ఆ పాట స్వరకర్త సంతోష్ నారాయణన్, కోట్ల మంది చూసిన ఆ పాట నుంచి తమకెవరికీ రూపాయి రాలేదని చెప్పారు. దక్షిణాఫ్రికాలో సోలమన్ లిండా 1939లో రికార్డు చేసిన 'ఎంబూబే' ప్రపంచమంతా తిరిగింది. ఆయన 1962లో పేదరికంలోనే చనిపోయారు. కుటుంబానికి న్యాయం కొంతైనా దక్కింది 2006లో, కోర్టు బయట ఒప్పందంతో.

మన దగ్గర డక్కలి కళాకారుడు దర్శనం మొగిలయ్య గొంతు 2021లో 'భీమ్లా నాయక్' పాటతో ఇంటింటికీ చేరింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణ కూలీగా కనిపించారని వార్తలొచ్చాయి. పేరు, అవార్డు రెండూ వచ్చాక కూడా నెల నెలా ఇల్లు గడిచే ఆదాయం దానంతటది రాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

దర్శకత్వం మనకు కొత్త కాదు

'వాళ్లకు కళ ఉంది, టెక్నిక్ మనం చూసుకుంటాం' అనే మాట షూటింగుల దగ్గర తేలిగ్గా దొర్లుతుంది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూసేదాకా చిందు భాగోతమే బతుకుగా బతికారు. కామారెడ్డి జిల్లా 2016లో ఏర్పడింది కూడా ఆ ఉమ్మడి జిల్లా నుంచే. చిందు మేళంలో కథ కట్టేది, వేషం వేసేది, ముఖానికి రంగు పూసేది, వాద్యం నడిపేది, రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టేది అంతా మేళం వాళ్లే. దాన్ని దర్శకత్వం అనక ఇంకేమంటారు? కొరత కెమెరాది, ఎడిటింగ్ కంప్యూటర్‌ది, చానెల్‌ది, మొదటి పెట్టుబడిది. 2011లో హైదరాబాద్‌లో ఒక పరిశోధక విద్యార్థి మొదలుపెట్టిన 'దళిత్ కెమెరా' చేసిన పని కూడా ఇదే. కెమెరా ఎవరి చేతిలో ఉంటే ప్రశ్న వాళ్లది అవుతుందని చూపించింది.

షూటింగ్‌కు ముందు కాగితం

సంఘాల్లో, హాస్టళ్లలో, కాలేజీల్లో పనిచేసే మిత్రులు కళాకారులతో కూర్చుని ఈ కిందివి ఖాయం చేయించవచ్చు. తెలుగులో రాసిన ఒక పేజీ చాలు.

1. దళంలో ఒక్కొక్కరి పేరు, ఊరు, వాద్యం రాయాలి. 'డప్పు బృందం' అని కాకుండా పేర్లన్నీ వీడియో చివర్లో, డిస్క్రిప్షన్‌లో వేస్తామని ఒప్పుకోవాలి.

2. హక్కుల బదిలీ ఏదైనా రాతలో, సంతకంతో ఉండాలి. సెక్షన్ 19 ప్రకారం గడువు రాయకపోతే అది 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ప్రదర్శకుల హక్కుకూ ఇది వర్తిస్తుంది. 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అన్న మాటలు కనపడితే ఆగి అడగాలి.

3. కూలి వేరు, రాయల్టీ వేరు. రోజు డబ్బుతో పాటు చానెల్ ఆదాయంలో వాటా ఎంత, ఎన్ని నెలలకోసారి లెక్క చూపిస్తారు అన్నది రాయించాలి.

4. పాట మూలం చెప్పాలి. ఏ ఊరు, ఎవరి నోట విన్నది, ఏ చరణాలు కొత్తవి అన్నది వేరుగా ఉండాలి. 'సేకరణ' పక్కన 'పాడినవారు' అనే వరుస తప్పనిసరి.

5. మూల పాటను కంటెంట్ ఐడీలో తమ సొంతంగా నమోదు చేయబోమని, ఆ ఊరివాళ్లు పాడుకుంటే అడ్డు రాబోమని రాయించాలి.

6. సెట్‌లో నలుగురి ముందు కులం పేరుతో దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 అక్కడ కూడా వర్తిస్తుంది. షూటింగ్ అని మినహాయింపు లేదు.

విద్యార్థులు చేయగలిగింది ఇంకొకటి ఉంది. వాడలో పాటలు రికార్డు చేసేటప్పుడు పాడినవారి పేరు, తేదీ, ఊరు వారి గొంతుతోనే మొదట చెప్పించండి. వారి అనుమతి కూడా అందులోనే ఉండనివ్వండి. ఫైలు కాపీ ఒకటి వారి ఇంట్లో ఉండాలి. రేపు ఏ చానెల్ అయినా ఆ పాట తనదంటే, చూపించడానికి ఆ అర నిమిషం రికార్డింగు సాక్ష్యమవుతుంది.