తామరకు ఆకు పసరు సరిపోతుందా?

తొడ మడతల్లోనో, నడుము దగ్గరో గుండ్రంగా ఎర్రటి మచ్చ. అంచు ఉబ్బి ఒకటే దురద. తామర అనగానే ఇంట్లో పెద్దవాళ్లు వేపాకు, పసుపు నూరి రాయమంటారు. సీమ అవిసె పసరు పూయమనేవారూ ఉన్నారు. ఆ మొక్కకు మెట్టతామర అనే పేరు ఊరికే రాలేదు. ఈ మాటల్ని కొట్టిపారేయకండి. ఇలాంటి ఆకుల సారాలు ఫంగస్ ఎదుగుదలను అడ్డుకుంటాయని ల్యాబ్ పరీక్షల్లో తేలింది.

కానీ గాజు పళ్లెంలో ఫంగస్ చావడం వేరు, మీ ఒంటి మీద తగ్గడం వేరు. తామర ఫంగస్ చర్మం పైపొరలోని కెరాటిన్‌ను తిని బతుకుతుంది. మందు ఆ పొరలోకి ఇంకాలి, చాలినంత మోతాదులో నిలవాలి. పైగా ఫంగస్ కణం బ్యాక్టీరియాలా కాదు, నిర్మాణంలో మన కణానికి దగ్గరి చుట్టం. దాన్ని చంపేది మన చర్మాన్నీ దెబ్బతీయొచ్చు. అందుకే మనుషుల మీద, ఉత్తుత్తి మందుతో పోల్చి చూస్తే తప్ప ఏదీ తేలదు.

అంతవరకూ వచ్చినవి కొన్నే. వాటిలో టీ ట్రీ ఆయిల్ ఒకటి. ఆస్ట్రేలియాలో చేసి 2002లో వెల్లడించిన అధ్యయనంలో, కాలివేళ్ల సందుల్లో ఫంగస్ ఉన్న 158 మందిని ఎంచుకున్నారు. నాలుగు వారాల తర్వాత 25 శాతం ద్రావణం రాసుకున్నవారిలో 72 శాతం మందికి, 50 శాతం ద్రావణం రాసుకున్నవారిలో 68 శాతం మందికి లక్షణాలు బాగా తగ్గాయి. ఉత్తుత్తి మందు వాడినవారిలోనూ 39 శాతం మందికి తగ్గాయి! అంటే ‘రాసుకుంటే తగ్గింది’ అన్న అనుభవం ఒక్కటే రుజువు కాదన్నమాట. నూనె గాఢత రెట్టింపు చేసినా లాభం పెరగలేదు. నూనె వాడినవారిలో నలుగురికి చర్మం కమిలింది కూడా. వెల్లుల్లి నుంచి తీసిన అజోయిన్ చిన్న పరీక్షల్లో బాగానే పనిచేసింది. అలాగని పచ్చి రెబ్బ నూరి కట్టకండి, బొబ్బలెక్కుతాయి.

కొత్త మందుల అవసరం మాత్రం నిజం. మన దేశంలో తామర ఇప్పుడు మొండికేస్తోంది. టెర్బినాఫిన్ అడ్డుకోవాల్సిన ఎంజైమ్ జన్యువులోనే మార్పులొచ్చి, ఆ మందుకు లొంగని ఫంగస్ వ్యాపిస్తోంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు మరో బెడద. దురద రెండు రోజుల్లో పోతుంది, ఫంగస్ లోలోపల పాకుతుంది.

మచ్చ కనిపిస్తే చర్మ వైద్యులను కలవండి. పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది. ఈలోపు పసరు, క్రీము ఏది రాసినా దాచకుండా చెప్పండి. పిల్లల తలలో వచ్చిన తామరకైతే పైపూతలు చాలవు, నోటి మందులు వాడాల్సిందే.