రుతువిరతి దశ - ఒత్తిడి, బాధల నుండి ఉపశమనం

(అక్టోబరు 18 ప్రపంచ రుతువిరతి దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

ఆడపిల్ల పుష్పవతి అయితే బంధువులను పిలిచి వేడుక చేస్తారు. గర్భవతి అయితే సీమంతం చేస్తారు. అదే స్త్రీకి నెలసరి ఆగిపోయే దశ వచ్చినప్పుడు మాత్రం ఆ మార్పు ఇంట్లో ఎవరికీ తెలియకుండానే గడిచిపోతున్నది. రాత్రిళ్ళు నిద్ర లేకపోయినా, కారణం తెలియని దిగులు కమ్ముకొన్నా "వయసు మీద పడుతోంది" అని సరిపెట్టుకోవడం పరిపాటి అయింది. మరికొందరు ఈ బాధలు తాళలేక, అవసరం లేకపోయినా గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సకు సిద్ధపడుతున్నారు. రుతువిరతి వ్యాధి కాదు. అయినప్పటికీ ఆ దశలో కలిగే బాధలకు ఉపశమనం కలదు. ఈ రెండు విషయాలు ప్రతి కుటుంబానికి చేరవలసిన అవసరం ఉన్నది.

రుతువిరతి అంటే...

వరుసగా 12 నెలల పాటు నెలసరి రాకపోతే దానిని రుతువిరతి లేదా మెనోపాజ్ అంటారు. పల్లెల్లో దీనినే ముట్లుడగటం అంటారు. సాధారణంగా 45 నుండి 55 ఏళ్ళ మధ్య ఇది సంభవిస్తుంది. 45 ఏళ్ళలోపు వస్తే ముందస్తు రుతువిరతిగా పరిగణిస్తారు. 40 ఏళ్ళలోపే నెలసరి ఆగిపోతే తప్పనిసరిగా వైద్యులను సంప్రదించాలి. నెలసరి పూర్తిగా ఆగిపోవడానికి కొన్ని సంవత్సరాల ముందు నుండే అండాశయాల పనితీరు మారుతూ వస్తుంది. ఈస్ట్రోజెన్ హార్మోను స్థాయి ఒకసారి పెరిగి, ఒకసారి తగ్గి, చివరకు బాగా పడిపోతుంది. ఈ సంధికాలంలో గర్భం దాల్చే అవకాశం తగ్గినా పూర్తిగా పోదు. కావున గర్భనిరోధక పద్ధతులను ఎప్పటి వరకు పాటించాలో వైద్యులను అడిగి తెలుసుకోవాలి.

లక్షణాలు

శరీర ఉష్ణోగ్రతను క్రమబద్ధం చేసే మెదడులోని కేంద్రం ఈస్ట్రోజెన్ తగ్గుదల వలన అతి సున్నితంగా మారుతుంది. స్వల్పమైన వేడికి కూడా శరీరం తీవ్రంగా స్పందిస్తుంది. ముఖం, మెడ, ఛాతీ మీదుగా ఒక్కసారిగా వేడి ఆవిర్లు కమ్మి, చెమటలు పట్టి, కొద్ది నిమిషాలలో తగ్గిపోతాయి. గుండె దడ, నిద్రలేమి, కీళ్ళ నొప్పులు, మతిమరుపు, యోని పొడిబారడం, మూత్రంలో మంట వంటివి కూడా కొందరిలో కనిపిస్తాయి. అందరికీ అన్ని లక్షణాలూ ఉండవు. కొందరికి ఏ ఇబ్బందీ ఉండదు. మరికొందరిని ఇవి సంవత్సరాల తరబడి వేధిస్తాయి. థైరాయిడ్ లోపం, రక్తహీనత, అధిక రక్తపోటులలో కూడా కొన్ని ఇటువంటి లక్షణాలే ఉంటాయి. అందువలన అన్నింటినీ రుతువిరతికే ఆపాదించకుండా పరీక్షలు చేయించుకోవడం మంచిది.

మానసిక ఒత్తిడి

హార్మోన్ల హెచ్చుతగ్గుల వలన చిరాకు, ఆందోళన, దిగులు కలుగుతాయి. గతంలో కుంగుబాటుకు గురైన వారిలో అది తిరిగి రావచ్చును. రాత్రి చెమటలతో నిద్ర చెడితే పగలు సహనం సన్నగిల్లుతుంది. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, వృద్ధులైన అత్తమామల సేవ, ఉద్యోగ బాధ్యతలు సాధారణంగా ఈ వయస్సులోనే ఒకేసారి మీద పడతాయి. ఇంటిల్లిపాదికీ సేవ చేసే గృహిణి తనకు నిద్ర పట్టడం లేదని చెప్పుకోవడానికి సంకోచిస్తుంది. ఆమె కోపాన్ని కుటుంబ సభ్యులు గయ్యాళితనంగా భావిస్తే బాధ రెట్టింపు అవుతుంది. భర్త, పిల్లలు విషయాన్ని తెలుసుకొని ఇంటిపనిలో పాలు పంచుకొంటే సగం భారం దిగుతుంది.

రెండు వారాలకు మించి దిగులు కొనసాగినా, జీవితం మీద విరక్తి కలిగినా ఆలస్యం చేయరాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవల ద్వారా 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మానసిక ఆరోగ్య నిపుణులతో మాట్లాడవచ్చును.

ఇంట్లోనే పాటించదగిన జాగ్రత్తలు

పలుచని నూలు వస్త్రాలు ధరించడం, గాలి బాగా ఆడే గదిలో పడుకోవడం, పక్కన చల్లని నీరు ఉంచుకోవడం వలన ఆవిర్ల ఇబ్బంది కొంత తగ్గుతుంది. కాఫీ, టీ, కారం, మసాలాలలో ఏది తీసుకొన్నప్పుడు ఆవిర్లు పెరుగుతున్నాయో గమనించి దానిని తగ్గించుకోవాలి. పొగాకును ఏ రూపంలోనూ వాడరాదు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవాలి. యోగా, ప్రాణాయామం ఒత్తిడిని తగ్గించి నిద్రకు తోడ్పడతాయి. ఆలోచనా సరళిని మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే కౌన్సెలింగ్ పద్ధతి ఆవిర్ల వలన కలిగే బాధను, నిద్రలేమిని తగ్గిస్తుందని అధ్యయనాలలో రుజువైంది.

రుతువిరతి తరువాత మొదటి కొన్ని సంవత్సరాలలో ఎముకలు వేగంగా పటుత్వాన్ని కోల్పోతాయి. ఈ దశ దాటిన స్త్రీలకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫారసులలో పేర్కొన్నది. ఇందుకు ఖరీదైన ఆహారం అక్కరలేదు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం లభిస్తుంది. పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలను నిత్యం తీసుకోవాలి. విటమిన్ డి కోసం ఒంటికి ఎండ తగలనివ్వాలి.

హార్మోన్ చికిత్సపై అపోహలు

ఆవిర్లు తీవ్రంగా ఉన్నవారికి హార్మోన్ చికిత్స అత్యంత ప్రభావవంతమైనది. 2002లో అమెరికాలోని ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనం రొమ్ము క్యాన్సర్, పక్షవాతం ముప్పులను వెల్లడించడంతో ఈ చికిత్స పట్ల భయం వ్యాపించింది. ఆ అధ్యయనంలో పాల్గొన్న వారి సగటు వయస్సు 63 ఏళ్ళు. 60 ఏళ్ళలోపు లేదా రుతువిరతి వచ్చిన 10 ఏళ్ళలోపు చికిత్స ప్రారంభించిన ఆరోగ్యవంతులలో, లక్షణాలు తీవ్రంగా ఉన్నప్పుడు, ముప్పు కంటే ప్రయోజనమే ఎక్కువని తదుపరి విశ్లేషణలలో తేలింది. అయితే రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తనాళాలలో గడ్డలు, కాలేయ వ్యాధి వంటివి ఉన్నవారికి ఇది సాధారణంగా తగదు. గర్భాశయం ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌ను ఒంటరిగా ఇవ్వకుండా ప్రొజెస్టోజెన్‌తో కలిపి ఇస్తారు. హార్మోన్లు వాడలేని వారికి ఇతర మందులు కలవు. ఏ మందునైనా వైద్యుల సలహాతోనే వాడాలి.

గర్భసంచి తొలగింపు పరిష్కారం కాదు

తెలుగు రాష్ట్రాలకు సంబంధించి ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగించబడినవారు దేశం మొత్తం మీద 3 శాతానికి కొంచెం పైగా ఉండగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 8 శాతానికి పైగా ఉన్నారు. అంటే వీరందరికీ 50 ఏళ్ళు నిండకుండానే ఈ ఆపరేషన్ జరిగింది.

గర్భసంచి తీసివేసినా ఆవిర్లు, నిద్రలేమి, దిగులు తగ్గవు. దానితో పాటు అండాశయాలను కూడా తొలగిస్తే, సంవత్సరాల తరబడి క్రమంగా రావలసిన మార్పు ఒక్కసారిగా వచ్చిపడుతుంది. లక్షణాలు మరింత తీవ్రమవుతాయి. చిన్న వయస్సులోనే ఎముకలకు, గుండెకు ముప్పు పెరుగుతుంది. అండాశయాలను ఉంచినప్పటికీ రుతువిరతి కొంత ముందుగా వచ్చే అవకాశం ఉన్నది. అధిక రక్తస్రావానికి అనేక సందర్భాలలో మందులతోనే చికిత్స సాధ్యం. క్యాన్సర్ వంటి కారణాలు ఉన్నప్పుడు ఆపరేషన్ తప్పదు. అనవసర ఆపరేషన్ల నివారణకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు రూపొందించింది. వాటిని మూడు నెలలలోగా అమలులోకి తేవాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న రాష్ట్రాలను ఆదేశించింది. ఆపరేషన్ చేయించుకోవాలని చెప్పినప్పుడు కారణం ఏమిటి, మందులతో తగ్గుతుందా, అండాశయాలను ఉంచుతారా అని అడగడం, మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోవడం ప్రతి స్త్రీ హక్కు.

నిర్లక్ష్యం చేయరాని సూచన

నెలసరి ఆగిపోయి ఏడాది గడిచిన తరువాత ఏ కొద్దిపాటి రక్తస్రావం కనిపించినా వెంటనే వైద్యులను సంప్రదించాలి. అది గర్భాశయ క్యాన్సర్ లక్షణం కావచ్చును. 30 ఏళ్ళు పైబడిన వారికి రక్తపోటు, మధుమేహంతో పాటు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు జాతీయ కార్యక్రమం క్రింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా జరుపుతారు. తెలంగాణలో 2023 మార్చి 8న ప్రారంభమైన 'ఆరోగ్య మహిళ' కార్యక్రమంలో రుతువిరతి సమస్యలకు సేవలను కూడా చేర్చడం గమనార్హం.

అధికారులు, పాత్రికేయులు చేయగలిగినది

కార్యాలయాలలో, పాఠశాలల్లో స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి, త్రాగునీరు, ఫ్యాను గాలి తగిలే చోటు కల్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఉపాధి హామీ పనుల వద్ద నీడ, నీరు ఏర్పాటు చేయడం చట్టబద్ధమైన బాధ్యతే. ఎండలో పనిచేసే కూలీ స్త్రీకి ఆవిర్లు వచ్చినప్పుడు ఆ నీడ విలువ తెలుస్తుంది. స్వయం సహాయక సంఘాల సమావేశాలలో ఏ.ఎన్.ఎం.ల చేత ఈ విషయంపై మాట్లాడించవచ్చును. ఆ సమావేశాలకు వచ్చేవారిలో అనేకులు ఈ వయస్సువారే.

స్త్రీల వ్యాధులను, రుతు సంబంధ సమస్యలను నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తున్నది. ఇటువంటి ప్రకటనలను స్వీకరించే ముందు పత్రికలు, ఛానళ్ళు ఈ చట్టాన్ని దృష్టిలో ఉంచుకోవాలి. అదే స్థలంలో వైద్య నిపుణుల సమాధానాలు ప్రచురిస్తే పాఠకులకు మేలు జరుగుతుంది.

50 ఏళ్ళ వయస్సు దాటిన స్త్రీకి ఇంకా ఎన్నో ఏళ్ళ జీవితం మిగిలి ఉంటుంది. ఆ కాలమంతా ఆమె ఆరోగ్యంగా ఉండాలంటే, ఈ నాలుగైదేళ్ళ మార్పును ఆమె ధైర్యంగా చెప్పుకోగలగాలి. ఇంట్లోవారు, వైద్య సిబ్బంది ఓపికగా వినాలి.