సకుటుంబ సపరివార సమేతంగా విద్యార్థి దశ

బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్న్యాసం – ఈ వరుస మన పెద్దలు యేనాడో నిర్ణయించి పెట్టారు. చదువు ముగిశాక పెళ్ళి, పెళ్ళి తరువాత పిల్లలు. పదేళ్ళు సంసారం చేసి, యిద్దరు పిల్లల్ని కని, అప్పు తీసుకుని యిల్లు కూడా కట్టుకున్న మనిషి తిరిగి సంచీ భుజాన వేసుకుని వెనుక బెంచీ మీద కూర్చోవచ్చునని యే స్మృతికర్తా వ్రాసినట్టు లేదు. అయితేనేం, యిప్పుడు కాకినాడలో, రాజమండ్రిలో, హనుమకొండలో, ఆ మాటకొస్తే మన వాళ్ళున్న యే వూళ్ళోనైనా రాత్రి భోజనాల దగ్గర యీ ప్రస్తావన వినబడుతూనే వుంది. "కెనడా వెళదాం. ఒకరు చదువుకుంటే రెండోవారు వుద్యోగం చేయవచ్చునట. పిల్లలకు బడి వుచితమట. నాలుగేళ్ళలో అక్కడే స్థిరపడవచ్చునట."

ఈ 'అట'లను ఒక్కొక్కటే విప్పి చూడవలసిన అవసరం వుంది. ఎందుకంటే యిందులో పణంగా పెట్టేది ఒక్క మనిషి చదువు కాదు, నలుగురి బ్రతుకు.

ముందు దారి యెటువంటిదో చెప్పుకుందాం. కెనడాలో గుర్తింపు గల విద్యాసంస్థలో సీటు వస్తే ఆ దేశం వారు స్టడీ పర్మిట్ యిస్తారు. చదువు పూర్తయ్యాక, నిబంధనలకు సరిపోతే, మూడేళ్ళ దాకా పని చేసుకోవడానికి మరొక పర్మిట్ యిస్తారు. అది జన్మకు ఒక్కసారే. ఆ గడువులో నైపుణ్యం గల వుద్యోగం కనీసం ఒక యేడాది చేస్తే శాశ్వత నివాసానికి, అంటే అందరి నోటా నలుగుతున్న పి.ఆర్.కు, దరఖాస్తు పెట్టే అర్హత వస్తుంది. అర్హత అన్నానుగాని హక్కు అనలేదు. 2015లో మొదలైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతిలో అందరికీ మార్కులు వేసి, పైనున్న వారిని విడతలు విడతలుగా పిలుస్తారు. ఒక మెట్టు యెక్కినంత మాత్రాన పై మెట్టు అక్కడే వుంటుందని యెవరూ పూచీ పడలేదు.

నా దగ్గర డిగ్రీలో తెలుగు చదువుకున్న అమ్మాయి ఒకతె తరువాత లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ వుండేది. వయస్సు 34. భర్త బ్యాంకు వుద్యోగి, 37 యేళ్ళవాడు. తొమ్మిదేళ్ళ కూతురు, అయిదేళ్ళ కొడుకు. మామగారు వారి దగ్గరే వుంటారు. 2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారంనాడు భార్యాభర్తలు కాగితాల కట్టతో మా యింటికి వచ్చారు.

ఎవరు చదవాలన్నది అప్పటికే తేలిపోయింది. అతను పుస్తకం మూసి పదిహేనేళ్ళయింది. ఆమె రోజూ పుస్తకంతోనే వుండే మనిషి. కనుక ఆమె విద్యార్థిని, అతను ఆమె వెంట వెళ్ళే ఆశ్రితుడు. "పన్నెండేళ్ళుగా బ్యాంకు మెడికల్ ఫారాల్లో మా ఆవిడ పేరు నా పేరు కింద వ్రాస్తున్నాను మాష్టారూ. ఇప్పుడు నా పేరు ఆవిడ కింద వ్రాశారు" అని నవ్వాడతను. నవ్వులో కొంచెం చేదు లేకపోలేదు.

వారికి సలహా చెప్పిన కన్సల్టెన్సీ వారు రెండేళ్ళ డిప్లొమా కోర్సు యెంచారు. ఫీజు తక్కువ, సీటు సులువు. భార్య చదువుకుంటూ వుంటే భర్త యే పనైనా చేసుకోవచ్చునని కూడా చెప్పారు. ఒకప్పుడది నిజమే. కాని 2024 మార్చిలో దాన్ని కుదించారు, 2025 జనవరి 21 నుంచి మరింత బిగించారు. ఇప్పుడు విద్యార్థి 16 నెలలకు తగ్గని మాస్టర్స్ డిగ్రీ గాని, డాక్టరేటు గాని, నర్సింగు, వైద్యం వంటి కొన్ని వృత్తి కోర్సులు గాని చదువుతూ వుంటేనే జీవిత భాగస్వామికి ఆ పని పర్మిట్ దొరుకుతుంది. మామూలు డిప్లొమాకు దొరకదు. కెనడా ప్రభుత్వం వారి ప్రకటనలో యిదంతా స్పష్టంగానే వుంది. అమ్మాయి ఫోనులో తీసి పైకి చదివింది. భర్త మాట్లాడలేదు. బ్యాంకు జీతం వదులుకుని, రెండేళ్ళపాటు చేతులు కట్టుకుని కూర్చునేందుకు అంత దూరం వెళ్ళడమా? ఫీజులో మిగిలేదెంత, జీతంలో పోయేదెంత అని లెక్కల అమ్మాయి అక్కడికక్కడే కాగితం మీద వేసింది. డిప్లొమా ఆ కాగితం మీదే కొట్టివేయబడింది.

ఆ తరువాత ఆమె అంటారియో రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో రెండేళ్ళ మాస్టర్స్ కోర్సుకు దరఖాస్తు పెట్టింది. దానితో ఫీజు ఇంచుమించు రెట్టింపయింది. ఫీజు మాట అలా వుంచి, అక్కడ బ్రతకడానికి డబ్బున్నదని ముందుగానే చూపాలి. 2023 ఆఖరు దాకా ఒంటరి విద్యార్థి 10,000 డాలర్లు చూపిస్తే చాలు. 2024 జనవరిలో దాన్ని 20,635 చేశారు. 2025 సెప్టెంబరు 1 నుంచి 22,895. నలుగురున్న కుటుంబానికి యిప్పుడు 42 వేల డాలర్ల పైచిలుకు, అంటే మన డబ్బులో 25 లక్షలు దాటిన మాట. ఫీజూ, విమాన చార్జీలూ దీనికి అదనం. ఇది ఖర్చయిపోయే సొమ్మేనని, కనబరచి వెనక్కి తెచ్చుకునే సొమ్ము కాదని కొందరికి అక్కడికి వెళ్ళాకగాని అర్థం కాదు. యింటి అద్దె మొదటి నెలనుంచే దాన్ని కొరుకుతుంది.

ఇల్లు అమ్ముదామన్నాడు కొడుకు. మామగారు వొప్పుకోలేదు. "తోట అమ్ముకోండి, యిల్లు వుంచండి" అన్నారాయన. కోనసీమలో వారికి అరెకరం కొబ్బరితోట వుంది. అది ఆయన తండ్రి నాటిన తోట. అయినా తోటే అమ్మమన్నారు. మిగిలినదానికి విద్యార్థిని పేర బ్యాంకు రుణం తీసుకున్నారు.

ఇక వుత్తరం సంగతి. ఏ వుద్దేశంతో చదవడానికి వస్తున్నదీ దరఖాస్తుదారు ఒక వుత్తరం వ్రాసి జతపరచాలి. తెలుగు మేష్టారికి ఇంగ్లీషు వుత్తరంతో పనేమిటంటారా? మా అమ్మాయి చూడమంటే చూశాను. కన్సల్టెన్సీ వారు తయారుచేసిన ప్రతి అది. చదువు ముగియగానే మాతృభూమికి తిరిగివచ్చి గ్రామీణ విద్యార్థులకు సేవ చేయాలన్నది తన జీవితాశయమని అందులో వుంది. పక్కనే కూర్చున్న కూతురు అది విని, "అయితే మనం మళ్ళీ వచ్చేస్తామా అమ్మా? నా సైకిలు అమ్మొద్దని చెప్పు తాతయ్యకి" అంది. గదిలో ఎవరికీ నోట మాట లేదు.

ఇంతమంది తల్లులూ తండ్రులూ పిల్లల ముందు అబద్ధం వ్రాయవలసిన అవసరం నిజంగా వున్నదా అంటే, లేదు. కెనడా వలస చట్టం 22వ సెక్షనులోనే ఒక ముక్క వుంది. శాశ్వతంగా వుండాలనే కోరిక వున్నంత మాత్రాన తాత్కాలికంగా రావడానికి అది అడ్డు కాదు. అయితే గడువు తీరేసరికి వెళ్ళిపోయే మనిషేనని అధికారికి నమ్మకం కలగాలి. రెండు కోరికలూ ఒకే మనిషిలో వుండవచ్చునని చట్టమే వొప్పుకుంటున్నది. "అవకాశం వస్తే వుంటాం, రాకపోతే తిరిగి వస్తాం, రావడానికి మాకు యిల్లుంది, పెద్దాయన వున్నాడు, నా చదువుకు యిక్కడ పని వుంది" అని సూటిగా వ్రాసుకోవచ్చు. మామగారు యిల్లు అమ్మవద్దన్నమాట యిక్కడ యెంత అక్కరకు వచ్చిందో చూడండి. బూటకపు కాగితం జతపరిస్తే మాత్రం అయిదేళ్ళు ఆ దేశం గడప తొక్కనివ్వరు. 2023లో దొంగ ప్రవేశపత్రాలతో వెళ్ళిన మన దేశపు విద్యార్థుల గొడవ పత్రికల్లో వచ్చింది. ఏజెంటు చేసిన మోసం తమకు తెలియదని మొరపెట్టుకున్న వాళ్ళు వారిలో చాలామంది. ఆ యేడాది డిసెంబరు నుంచి ప్రతి ప్రవేశపత్రాన్నీ ఆ విద్యాసంస్థే ధ్రువపరచాలని నిబంధన పెట్టారు.

వుత్తరం ఆ అమ్మాయే మళ్ళీ వ్రాసుకుంది. ఒకటిన్నర పేజీ. అందులో గ్రామీణ సేవ లేదు.

మార్కుల పట్టికలో మనవాళ్ళు యెక్కువగా భయపడేది వయస్సుకు. భయపడవలసిందే. జీవిత భాగస్వామితో కలిసి వెళ్ళేవారికి 20 నుంచి 29 యేళ్ళ దాకా వయస్సుకు నూరు మార్కులు. 34కు 75. చదువు రెండేళ్ళు, వుద్యోగం ఒక యేడు గడిచి 37 వచ్చేసరికి 60. నలభైకి 45, నలభై అయిదుకు సున్న. మొత్తం మీద పిలుపు రావడానికి 2025లో, కెనడా వుద్యోగానుభవం గల వారికి తీసిన విడతలలో, 500 పైననే కావలసి వచ్చింది. ఇంతకు ముందు వుద్యోగం యిస్తామన్న యజమాని వుత్తరానికి మార్కులుండేవి. 2025 మార్చి 25 నుంచి అవీ తీసేశారు.

అయితే వయస్సు తిన్నదాన్ని భాష చాలావరకు పూడుస్తుంది. వారి కొలతలో ఎనిమిదో స్థాయి ఇంగ్లీషుకు వినడం, చదవడం, వ్రాయడం, మాట్లాడటం ఒక్కొక్క దానికి 22. తొమ్మిదో స్థాయికి 29. నాలుగూ కలిపితే 28 మార్కుల తేడా. మూడేళ్ళ వయస్సు తినేసింది పదిహేనే కదా! పైగా తొమ్మిదో స్థాయి దాటినవారికి చదువుతోను, అనుభవంతోను జోడించి మరికొన్ని కలుపుతారు. భర్త ఇంగ్లీషు పరీక్షకు కూడా 20 దాకా వున్నాయి. ఫ్రెంచి బాగా వచ్చినవారి సంగతి చెప్పనే అక్కర లేదు. వారికి 2025 మార్చిలో ఒక విడత 400 లోపునే తెగింది. నా బోటి భాషా పండితులకు యిది వినడానికి యెంతో హాయిగా వుంటుంది. ఒక పరాయి భాష నేర్చినందుకు దేశంలోకి రమ్మనే రోజు వస్తుందని మా విద్యార్థులకు యెవరు చెప్పారు గనుక!

అన్నిటికన్నా తక్కువమంది పట్టించుకునే విషయం ఒకటుంది. ఆ ఒక యేడాది వుద్యోగానుభవంలో యేది లెక్కకు వస్తుంది, యేది రాదు అన్నది. పూర్తికాలపు విద్యార్థిగా వుండగా చేసిన పని రాదు. వారానికి 24 గంటలు బయట పని చేసుకోవచ్చునని 2024 నవంబరు నుంచి అనుమతించారు. ఆ డబ్బు అద్దెకు పనికి వస్తుందేగాని మార్కులకు పనికి రాదు. భర్త విషయం వేరు. భార్య యింకా క్లాసులో వుండగానే అతను చేసే పని లెక్కకు రావచ్చు. ఏ పని అన్నదే ప్రశ్న. గిడ్డంగిలో పెట్టెలు మోయడం, దుకాణంలో సరుకు సర్దడం లెక్కలోకి రావు. చిట్టా ఆవర్జాలు వ్రాసే బుక్కీపరు పని వస్తుంది. 1,560 గంటలు కావాలి. మొదటి నెలలో అద్దె తరుముతూ వుంటే చేతికందిన గిడ్డంగి పని వదులుకుని పుస్తకాలు వ్రాసే పని వెతుక్కోవడానికి మనిషికి గుండె వుండాలి, చేతిలో ఆరు నెలల ఖర్చు వుండాలి. కొబ్బరితోట డబ్బులో ఆ ఆరు నెలలు విడిగా కట్టి పెట్టుకోమని మామగారే చెప్పారట. ఆయన చదివింది ఎస్సెల్సీ.

పిల్లల బడి మాట నిజమే. తల్లి స్టడీ పర్మిట్‌తో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదువుతూ వుంటే అంటారియోలో పిల్లలకు ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. తక్కిన రాష్ట్రాల నియమాలు వేరు వేరు, ముందే కనుక్కోవాలి. పెద్దవాళ్ళకు 'సూపర్ వీసా' అని ఒకటుంది. దానితో ఒక్క రాకకు అయిదేళ్ళ దాకా వుండవచ్చు. కాని అది పి.ఆర్. వచ్చిన తరువాత మాట, అంతదాకా మామూలు సందర్శకుల వీసాయే. ఆరోగ్య భీమా సొంతంగా కట్టుకోవాలి. మామగారి వయస్సు 71.

మారే నిబంధనల గురించి ఒక మాట. 2024 జనవరి 22న మంత్రి మార్క్ మిల్లర్ స్టడీ పర్మిట్లకు పరిమితి ప్రకటించారు. 2025లో అయిదు లక్షల మందికి శాశ్వత నివాసం యిస్తామన్న దేశం 2024 అక్టోబరులో ఆ సంఖ్యను 3,95,000కు దించింది. ఇళ్ళ అద్దెలు పెరిగి అక్కడి ప్రజలు గోల పెట్టారు. ఏ ప్రభుత్వమైనా తన వోటర్ల మాటే ముందు వింటుంది. 2022లో బయలుదేరిన కుటుంబం ఒక పట్టిక చూసి బయలుదేరింది, 2025లో మరొక పట్టిక ముందు నిలబడింది. మనం వెళ్ళేనాటి నియమం కాదు, దరఖాస్తు పెట్టేనాటి నియమమే వర్తిస్తుంది. అందుకనే తిరిగివచ్చే దారి మూసుకుని వెళ్ళడం నాకు నచ్చదు. ఆ చదువు ఆ అమ్మాయికి యిక్కడైనా పనికి వచ్చేదిగా వుండాలన్నది కూడా అందుకే.

వాళ్ళు 2025 ఆగస్టులో వెళ్ళారు. భర్త మొదటి రెండు నెలలూ ఖాళీగా వుండి, మూడో నెలలో ఒక చిన్న లెక్కల కంపెనీలో బుక్కీపరుగా చేరాడు. జీతం గిడ్డంగి కూలీకి ఇంచుమించు సమానమే. అతను గంటలు ఒక నోటు పుస్తకంలో వ్రాసుకుంటున్నాడనీ, ప్రతి శుక్రవారం రాత్రి కూతురు వాటిని కూడి, యింకా యెన్ని మిగిలాయో గోడమీద కాగితంపై వేస్తున్నదనీ అమ్మాయి ఫోనులో చెప్పింది. మామగారు యింటి కింద భాగం అద్దెకిచ్చారు. పై వాటా ఖాళీగానే వుంది. సైకిలు వరండాలో వుంది, నెలకొకసారి ఆయనే గాలి కొట్టిస్తున్నారు.