తుపానుకు ముందే మూట కట్టుకుందాం

కార్తీకమాసం అనగానే మీకు దీపాలు, ఉపవాసాలు, వనభోజనాలు గుర్తొస్తాయి. మా దివిసీమ ఆడవాళ్ళకి వాటితోపాటు తుపాను కూడా గుర్తొస్తుంది. కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండు పాయలై మా నేలని చుట్టి సముద్రంలో కలుస్తుంది. అంటే మాకు ఒకవైపు సముద్రం, రెండువైపులా ఏరు!

1977 నవంబరు 19న సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున ఊళ్ళమీదికి వచ్చింది. ఆ తుపానులో దాదాపు 10 వేలమంది పోయారు. అప్పటికి మా అత్తగారు కొత్త కోడలు. అందరూ మేడ ఉన్నవాళ్ళింటికి పరుగెడుతుంటే, పక్కింటావిడ "దూడని విప్పి వస్తా" అని వెనక్కి వెళ్ళిందట. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు తుపాను కబురు రెండు మూడు రోజుల ముందే తెలుస్తోంది. తలదాచుకోను షెల్టర్లున్నాయి. కానీ ఇల్లు వదలడానికి మన ఇల్లాళ్ళకే మనసొప్పదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నేను చేసిందీ అదే. అందరూ బయల్దేరినా బియ్యం బస్తా అటకెక్కిస్తూ కూర్చున్నాను. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి, "బియ్యం మళ్ళీ కొనుక్కుంటాం అమ్మాయ్, పద" అని కసిరారు. ఆవిడ చేతిలో మూట అప్పటికే సిద్ధం!

ఆ మూట సంగతే మీకు చెప్పాలని. ఆశ్వయుజంలోనే కట్టేసుకోండి. రేషన్ కార్డు, ఆధార్, పొలం పాస్‌బుక్కులు పాలిథిన్ కవర్లో పెట్టి మూతి బిగించండి. రోజూ వేసుకునే మందులు, టార్చి, పొడిబట్టలు, ఆడపిల్లల అవసరాలు మరవద్దు. అటుకులు, పుట్నాలు, ఎండుకొబ్బరి దోరగా వేయించి, చల్లారాక బెల్లం తురుము కలిపి గట్టి మూత డబ్బాలో పోయండి. పొయ్యి వెలిగించకుండా పిల్లల ఆకలి తీరుతుంది.

వెళ్ళేముందు కరెంటు మెయిన్, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి. గొడ్ల పలుపులు ముందురోజే విప్పి మెరకకి తోలించండి. గాలి ఉన్నట్టుండి ఆగితే తుపాను పోయిందనుకోకండి. నడిమి కన్ను మనమీదుగా వెళుతుంటే అలాగే ఆగుతుంది. కాసేపటికి ఎదురు దిక్కునుంచి మళ్ళీ విరుచుకుపడుతుంది. తిరిగొచ్చాక నీళ్ళు మరగకాచి తాగండి. మూలల్లో, కట్టెల సందుల్లో పాములుంటాయి, కర్రతో కదిపి చూడండి.

మాది సముద్రం పక్కన కాదు కదా అంటారా? 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఏటిగట్టు కింద ఉన్నవాళ్ళందరికీ ఇదే మాట వర్తిస్తుంది.

గిన్నెలు, బస్తాలు, సామాను మళ్ళీ అమర్చుకోవచ్చు. వాటిని అమర్చుకునే ఇల్లాలు ఉండాలిగా! కబురు రాగానే అందరికంటే ముందు గడప దాటేది మనమే అవుదాం. ఏమంటారు?