పసిపిల్లల దగ్గులో నాలుగో ఘాతం

2025 అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రాష్ట్రాలకు ఒక సలహా పత్రం పంపింది. రెండేళ్లు నిండని పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు. ఐదేళ్ల లోపు వాళ్లకు మామూలుగా అక్కర్లేదు అని దాని సారాంశం. ఆ పత్రం వెనక మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లా విషాదం ఉంది. కోల్డ్రిఫ్ అనే సిరప్ తాగిన ఇరవైమందికి పైగా పిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. కాంచీపురం జిల్లాలో తయారైన ఆ సిరప్‌ను తమిళనాడు ఔషధ నియంత్రణ అధికారులు పరీక్షిస్తే 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ తేలింది, అది 0.1 శాతం మించకూడదు. 1937లో అమెరికాలో, 1986లో ముంబయి జె.జె. ఆస్పత్రిలో, 2022లో గాంబియాలో ప్రాణాలు తీసింది కూడా ఈ ద్రావకమే. పత్రికలు విషం గురించి రాశాయి, రాయాల్సిందే. కానీ ఆ పత్రంలో నన్ను పట్టుకున్న మాట విషం గురించి కాదు. కల్తీ ఏమీ లేని, ప్రమాణాలన్నీ పాటించిన సిరప్ కూడా ఏడాది బిడ్డకు వద్దంటోంది. ఎందుకు వద్దో విడమరిచి చెప్పలేదు. చెప్పి ఉంటే మంచి భౌతికశాస్త్ర పాఠం అయ్యేది.

ఖరగ్‌పూర్ లాంటి ఊళ్లో ఆ పాఠం అవసరం మరీ ఎక్కువ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. నింపురాలోనో మథురాకాటీలోనో చలికాలం రాత్రి ఐదు నెలల బిడ్డ దగ్గిందంటే ఇంట్లో అమ్మమ్మ వస కొమ్ము అరగదీస్తుంది, వాము వేయించి మూటకట్టి కాపడం పెడుతుంది. పక్కింటి బెంగాలీ ఆవిడ ఆవనూనెలో వెల్లుల్లి, నల్లజీలకర్ర కాచి తెచ్చి గుండెలకు రాయమంటుంది. తండ్రి గోల్‌బజార్ నుంచి ఓ సీసా పట్టుకొస్తాడు. ఈ మూడు వైద్యాలకీ పడదు గానీ మూడింటి నమ్మకమూ ఒకటే: దగ్గు శత్రువు, ఆపాలి. నేను వాదించబోయేది దీనికి ఎదురు. పసిబిడ్డకు అసలు ప్రమాదం గాలిగొట్టం సన్నదనంలో ఉంది. దానితో పోరాడడానికి బిడ్డ దగ్గరున్న ముఖ్యమైన పనిముట్టు దగ్గు, అదీ ఇంకా చేతికి పూర్తిగా అలవాటు కానిది.

దగ్గు ఎలా పుడుతుందో తొందరగా చెప్పేసుకుందాం. స్వరపేటికలో, శ్వాసనాళం గోడల్లో నరాల కొసలుంటాయి. కొన్ని తాకిడికి, కొన్ని ఘాటుకు ఉలిక్కిపడతాయి. ఆ కబురు వేగస్ నరం మీదుగా మెదడు అడుగున ఉన్న మెడుల్లాకు పోతుంది. అక్కణ్ణుంచి వరసగా ఆజ్ఞలు: గట్టిగా గాలి పీల్చు, స్వరతంత్రులు మూసెయ్యి, పొట్ట కండరాలు బిగించు, సెకనులో ఐదో వంతు ఆగి ఒక్కసారిగా తెరువు. పెద్దవాళ్లలో ఆ మూత వెనక ఒత్తిడి 300 మిల్లీమీటర్ల పాదరసం దాకా పోగలదు. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. గొట్టం కథే ఎవరూ తీరిగ్గా చెప్పరు.

1840ల్లో ప్వాజోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు వెంట్రుకంత సన్నని గాజు గొట్టాల్లో నీళ్లు పారించి, ఎంత ఒత్తిడికి ఎంత పారుతుందో ఓపిగ్గా కొలిచాడు. ఆయనకు కావలసింది కేశనాళికల్లో రక్తం సంగతి. మనకు మిగిల్చింది గొట్టాలన్నిటికీ పనికొచ్చే సూత్రం. ప్రవాహం గొట్టం వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. ఇప్పుడు నెలల బిడ్డ స్వరపేటిక కింది భాగం చూడండి. లోపలి వ్యాసం సుమారు 4 మిల్లీమీటర్లు. జలుబుకు గోడ చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచిందనుకుంటే వ్యాసార్ధం 2 నుంచి 1కి దిగి, గాలికి అడ్డు పదహారు రెట్లవుతుంది. 8 మిల్లీమీటర్ల గొట్టమున్న పెద్ద మనిషికి అదే వాపు వస్తే వ్యాసార్ధం 4 నుంచి 3కి దిగుతుంది, అడ్డు మూడు రెట్లకు కాస్త పైన. అదే వైరస్, అదే వాపు. తల్లికి గొంతు గరగర, బిడ్డకు డొక్కలు ఎగరేయడం. పైగా ఈ లెక్క గాలి నెమ్మదిగా సాగుతున్నప్పటిది. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే గాలి సుడులు తిరుగుతుంది, ఘాతం ఐదుకు చేరుతుంది, పదహారు కాస్తా ముప్ఫైరెండవుతుంది. స్వరపేటిక కింద వాచి కుక్క మొరిగినట్టు దగ్గే క్రూప్ బిడ్డను ఏడిపించవద్దని పిల్లల డాక్టర్లు చెప్పేది ఈ ఐదో ఘాతానికి జడిసే.

ఈ గొట్టం ఆకారం విషయంలో వైద్యలోకం ఒక శతాబ్దం పాటు పొరబడింది. 1897లో బాయ్యూ అనే మరో ఫ్రెంచి వైద్యుడు చనిపోయిన పిల్లల స్వరపేటికల్లో ప్లాస్టర్ పోసి అచ్చులు తీశాడు. అచ్చు గరాటు ఆకారంలో వచ్చింది: పైన వెడల్పు, కింద క్రికాయిడ్ వలయం దగ్గర ఇరుకు. 1951లో ఎకెన్‌హాఫ్ అనే అమెరికన్ మత్తువైద్యుడు దీన్ని ఉదహరిస్తూ, బతికున్న బిడ్డకు ఇది పూర్తిగా వర్తించకపోవచ్చని హెచ్చరించాడు కూడా. లోకం హెచ్చరికను వదిలేసి గరాటును ఉంచుకుంది. చిన్నపిల్లలకు ఎలాంటి శ్వాసగొట్టం వేయాలనేది దశాబ్దాల పాటు దీన్ని బట్టే నడిచింది. 2003లో లిట్‌మన్ బృందం ఎమ్మారైతో, 2009లో దలాల్ బృందం బ్రాంకోస్కోపుతో బతికున్న పిల్లల్లో కొలిస్తే గరాటు మాయమైంది. ఇరుకంతా స్వరతంత్రుల దగ్గర, వాటి చేరువన. ప్లాస్టర్ పోసినప్పుడు మెత్తని భాగం సాగింది, చుట్టూ మూసుకుని ఉన్న క్రికాయిడ్ వలయం సాగలేదు, అంతే రహస్యం. గరాటు పోయినా నాలుగో ఘాతం పోలేదు. సాగని వలయం లోపల వాపుకు పోవడానికి దారి లోపలివైపే.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. గొట్టం సన్నబడితే ఇంత నష్టమని ఇప్పుడే కదా చెప్పుకున్నాం. మరి దగ్గేటప్పుడు శ్వాసనాళం తనే ఇంకా సన్నబడుతుంది. దాని మృదులాస్థి వలయాలు వెనకవైపు తెరిచి ఉంటాయి. ఛాతీలో ఒత్తిడి పెరగగానే అక్కడి మెత్తని గోడ లోపలికి మడతపడుతుంది. ఇది లోపం కాదు. కఫాన్ని గోడ నుంచి ఊడబెరికేది గాలి పరిమాణం కన్నా గాలి వేగం. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఆవిరి ఇంజన్లు చూసిన పాతతరం ఫిట్టర్లకు ఇది కొత్త కాదు. పొగగొట్టం కింద బ్లాస్ట్ పైపు మూతి సన్నగా ఉంచేది ఆవిరి జోరుగా ఎగసి పొగను లాక్కుపోవాలనే. మరీ సన్నం చేస్తే సిలిండర్లలో ఎదురొత్తిడి పెరిగి ఇంజను ఈడ్వదు. దగ్గుకు కూడా ఆ మధ్య కొలత ఒకటి ఉండాలి. కలన గణితం పుస్తకాల్లో దీనిమీద ప్రసిద్ధమైన లెక్క ఉంది. ఐఐటీ ప్రవేశ పరీక్షకు చదివే పిల్లలు రెండు వరసల్లో చేసేస్తారు. నాళం ఎంత కుంచించుకుంటే ఒత్తిడి అంత అనుకోండి. ప్రవాహం ఆ ఒత్తిడికీ, వ్యాసార్ధపు నాలుగో ఘాతానికీ లబ్ధం. దాన్ని అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వేగం. అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే, వ్యాసార్ధం మామూలు కొలతలో మూడింట రెండు వంతులైనప్పుడు వేగం గరిష్ఠమని తేలుతుంది.

అందమైన లెక్కే గానీ తప్పు లెక్క. ప్వాజోయ్ సూత్రం నెమ్మది ప్రవాహానిది, దగ్గులో గాలంతా సుడులే. నాళం చుట్టూరా సమంగా కుంచించుకోదు, వెనక నుంచి మడతపడుతుంది. దీన్ని సరిగా పట్టుకున్నది 1967లో జెరె మీడ్, ఆయన సహచరులు. గాలి బయటికి వస్తున్నప్పుడు గొట్టం లోపలి ఒత్తిడి దారి పొడవునా తగ్గుతూ వస్తుంది. ఎక్కడో ఒకచోట అది బయటి నుంచి నొక్కే ఒత్తిడితో సమానమవుతుంది. అక్కణ్ణుంచి నోటివైపు గొట్టం నొక్కుకుపోయి గాలి వేగం అందుకుంటుంది. ఊపిరితిత్తులు నిండుగా ఉన్నప్పుడు ఆ బిందువు పెద్ద నాళాల్లో ఉంటుంది. గాలి ఖాళీ అవుతున్నకొద్దీ లోలోపలి కొమ్మల్లోకి జరుగుతుంది. అంటే మధ్యలో గాలి పీల్చకుండా తెరగా వచ్చే నాలుగైదు దగ్గులు ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం లేదు. ఒక్కోటి ముందుదానికన్నా లోతున ఊడుస్తోంది. దగ్గు తెర చూసి ఇల్లంతా కంగారుపడుతుంది గానీ అందులో ఇంత పొందిక ఉంది. పసిబిడ్డలో మృదులాస్థీ మెత్తనే, పక్కటెముకలూ మెత్తనే. ఒత్తిడి తక్కువ పుడుతుంది, గొట్టం అక్కర్లేనంత నొక్కుకుపోతుంది. ఉన్నదే అరకొర దగ్గు. దాన్ని మందుతో అణచాలనడం ఏ లెక్కకూ అందదు.

అప్పుడే పుట్టిన బిడ్డకైతే ఆ అరకొర కూడా ఉండదు. స్వరపేటిక మీద నీటిచుక్క పడితే పెద్దవాళ్లు దగ్గుతారు. పురిటిబిడ్డ గుటక వేస్తుంది, ఊపిరి కాసేపు బిగబడుతుంది. కడుపులో ఊపిరితిత్తుల నిండా ద్రవంతో గడిపిన ప్రాణికి అదే సరైన తీరు. ఈ ప్రతిస్పందన నెలల మీద దగ్గుగా మారుతుంది. అందుకే పసివాళ్ల ముక్కులో నూనె చుక్కలు వేసే అలవాటు చెడ్డది, ఏ నూనె అయినా సరే. నూనె మెత్తగా జారుతుంది, దగ్గు పుట్టించకుండానే ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడే ఉండి న్యుమోనియా తెస్తుంది. పొరుగావిడ ఆవనూనె ఒంటి మీద ఉన్నంతవరకు ఉండనివ్వచ్చు, ముక్కు దాకా రానివ్వకూడదు.

సిరప్ వేస్తే బిడ్డ హాయిగా నిద్రపోయింది కదా అంటారు. నిజమే, పోతుంది. ఆ సీసాల్లో తరచు ఉండే క్లోర్‌ఫెనిరమిన్‌కు మత్తు గుణం ఉంది; గొట్టం వ్యాసార్ధం మాత్రం వెంట్రుకవాసి కూడా పెరగదు. 1898లో బాయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గు మందుగా అమ్మింది, అదీ నిద్రపుచ్చేదే. కోడీన్ సిరప్ సరిహద్దు దాటించే ముఠాల వార్తలు పశ్చిమ బెంగాల్ పత్రికలకు కొత్త కాదు. ఆ సీసాలకు గిరాకీ దగ్గు వల్ల రాలేదు. రెండో అభ్యంతరం దీనికన్నా గట్టిది: మందు వేశాక దగ్గు తగ్గింది కదా? 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం పిల్లల జలుబు దగ్గు సగంమందిలో పదో రోజుకు, తొంభై శాతం మందిలో ఇరవై ఐదో రోజుకు దానంతటదే పోతుంది. ఐదో రోజున ఏం ఇచ్చినా, వస కొమ్మయినా సీసా అయినా, కీర్తి దానికే దక్కుతుంది.

కర్పూరం, మెంథాల్ పూతలదీ చిత్రమైన కథే. కార్డిఫ్‌లో రాన్ ఎకెల్స్ చేసిన ప్రయోగాల్లో మెంథాల్ పీల్చినవాళ్లు ముక్కు తెరుచుకుందన్నారు. కొలిస్తే ముక్కులో గాలికి అడ్డు ఏమీ తగ్గలేదు. చల్లదనాన్ని పసిగట్టే నరాలను మెంథాల్ మోసం చేస్తుంది. పెద్దవాళ్లకు ఆ మోసం సుఖమే. రెండేళ్లలోపు బిడ్డకు కర్పూరం కడుపులోకి పోతే మూర్ఛ రావచ్చు, మెంథాల్ ఘాటుకు ఊపిరి బిగబట్టవచ్చు. తేనె ఏడాది దాటిన పిల్లలకు రాత్రి దగ్గులో ఉపశమనమిస్తుందని అధ్యయనాలున్నాయి, కానీ ఏడాదిలోపు నాలిక మీద రాయడం కూడా వద్దు. అందులోని బొటులినమ్ బీజాలు పసిపేగులో మొలకెత్తగలవని 1976 నుంచి తెలుసు. క్రూప్‌కు ఆవిరి పని చేయదని 2006లో టొరంటోలో తేలింది. మరుగుతున్న గిన్నె పక్కన బిడ్డను కూర్చోబెడితే కాలే ప్రమాదం మాత్రం నిఖార్సయినది.

మరి ఏం చేయాలంటారు? ఇంత చెప్పాక ఇది చాలా చప్పగా ఉంటుంది. నెలల బిడ్డ దాదాపు ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, కాబట్టి నాలుగో ఘాతాన్ని మనవైపు తిప్పుకోగల చోటు ముక్కే. పాలు పట్టే ముందు మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు రెండు వేసి తుడవడం, పాలు కొంచెం కొంచెం ఎక్కువసార్లు ఇవ్వడం, గదిలో సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, బొగ్గుల పొయ్యి లేకుండా చూడడం. తలంటి పోశాక సాంబ్రాణి వేయని ఇంట్లో పెద్దలు ఊరుకోరని తెలుసు. కనీసం జలుబు రోజుల్లో మానండి. ఇక దగ్గులు లెక్కపెట్టకండి, ఊపిరులు లెక్కపెట్టండి. 1980ల్లో పాపువా న్యూగినీలో ఫ్రాంక్ షాన్ చేసిన పరిశీలనల నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతలు పుట్టాయి. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం పొట్ట కదలిక చూసి లెక్కిస్తే, రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, అంతకు చేరినా దాటినా న్యుమోనియా అనుమానించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, పెదాలు నీలంగా మారినా లెక్కతో పని లేదు, నేరుగా ఆస్పత్రికే. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు చదువురాని మంత్రసానులు కూడా ఈ లెక్క తప్పకుండా చూసేలా పూసల పరికరం తయారుచేశారు. స్టెతస్కోపు అక్కర్లేని ఇంత మంచి పరీక్ష మన ఇళ్లలో ఎవరికీ నేర్పకపోవడం నాకు మింగుడుపడదు.

ఒక జబ్బు మాత్రం ఈ లెక్కకు లొంగదు. కోరింత దగ్గు సోకిన రెండు నెలల లోపు బిడ్డ అసలు దగ్గకపోవచ్చు. దగ్గుకు బదులు ఊపిరి ఆగిపోతుంది, ఒళ్లు నీలమవుతుంది. మన ప్రభుత్వ కార్యక్రమంలో బిడ్డకు దీని మొదటి టీకా ఆరో వారంలో. ఆలోగా రక్షణ తల్లి నుంచే రావాలి. గర్భంతో ఉండగా తల్లికి టీకా ఇస్తే బిడ్డకు ఆ రక్షణ చేరుతుందని ఇతర దేశాల్లో రుజువైంది. ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకు ఇచ్చే టీడీ సూదిలో ధనుర్వాతం, డిఫ్తీరియా భాగాలున్నాయి. కోరింత దగ్గు భాగం లేదు. అది కూడా ఉన్న టీకా కావాలంటే డబ్బు పెట్టి ప్రైవేటుగా వేయించుకోవాలి.