దమ్ములో ట్రాక్టరు: ‘లో’ గేరు ఉపయోగము

తొలకరి పడి కాలువకు నీరు వచ్చినది మొదలు దమ్ముల తొందర యెట్టిదో మనకందఱకును తెలిసినదే. ఎద్దులతో దమ్ము చేసిన నాళ్లలో బురదలో దిగిన జతను పరుగెత్తింపవలెనని ఏ రైతును తలంపలేదు. ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఆ వివేకమును గట్టుమీదనే విడిచి పొలములో దిగుచున్నామేమో యని మాకు తోచుచున్నది. అద్దె గంటల లెక్కన గనుక సభ్యులు గట్టున నిలిచి డ్రైవరును ‘త్వరగా పోనిమ్ము’ అని తొందరపెట్టుచుందురు. ఈ వ్యాసము ముఖ్యముగా వారికొఱకే.

పెక్కు ట్రాక్టర్లకు గేరు కడ్డీ గాక ‘హై’, ‘లో’ అను గుర్తులుగల మఱియొక చిన్న కడ్డీ యుండును. నాలుగు గేర్లు ఈ రెంటిచేత ఎనిమిది యగుచున్నవి. ‘లో’ వేసినప్పుడు ఇంజను వేగము తగ్గదు. చక్రము వేగము మాత్రము తగ్గును. కొన్ని రకములలో అది నాలుగవ వంతునకు దిగును. చక్రము ఎంత నెమ్మదించునో, రాపిడికి పోగా, దానిని త్రిప్పు బలము అంత హెచ్చును. పొడుగైన గునపముతో రాతిని పెకలించినట్లే యిది: చేయి చాలదూరము కదలును, రాయి కొంచెమే కదలును, కాని కదలును.

రోటావేటరును త్రిప్పు పీటీవో ఇరుసు సాధారణముగా ఇంజను వేగమునే అనుసరించును గాని గేరును కాదు. అది నిమిషమునకు 540 చుట్లు తిరుగవలయును. హై గేరులో నున్నవాడు మెల్లగా పోవలెనన్న ఇంజనునే తగ్గింపవలసివచ్చును. దానితో కత్తులును మందగించి గడ్డలు మిగులును. లేదా క్లచ్చిపై కాలు ఆనించి నడుపును. అది ప్లేటును చేజేతుల కాల్చుకొనుట. లో గేరులో ఇంజను తగిన వేగమున నుండగనే బండి మెల్లగా సాగును, మట్టి చక్కగా మెదుగును.

ఈ సూత్రము మన మళ్లకే పరిమితము కాదు. కెనడా దేశమున 1967 నుండి ఆర్గో అను బండ్లు తయారగుచున్నవి. ఆఱు లేక ఎనిమిది చక్రములతో నేలను, బురదను నడచి, నీటిపై తేలి పోగలవు. వాని ముందు చక్రములు ప్రక్కకు తిరుగవు. ఒకవైపు చక్రములకు బ్రేకు వేసి, రెండవవైపు వానిచే బండిని మలుపుదురు. బురదలో అది మిక్కిలి భారమైన పని. హైలో చేసినచో లోపలి రబ్బరు బెల్టు జారి, వేడెక్కి, చెడును. అందుచే బురదలో దిగకముందే బండి నిలిపి లో వేసికొందురు.

ఈ ‘ముందే’ యను మాట మాకు అనుభవమున తెలిసినది. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక గ్రామమున రైతులెదుట దమ్ము ప్రదర్శింపబోయి హైలోనే దిగితిమి. మడి నడుమ లోతు తగిలినది. గేరు మార్చుటకు ఆగినంతనే చక్రములు కూరుకొన్నవి. రెండవ తప్పు మొదటిదానికన్న పెద్దది. లో వేసి, చక్రములు బిగిసియున్నను, క్లచ్చిని ఒక్కసారిగా వదలితిమి. ముందు చక్రములు గాలిలోనికి లేచినవి! గట్టుమీది వృద్ధరైతు ‘అయ్యా, కాలు త్రొక్కండి’ అని కేకవేయగా త్రొక్కితిమి గనుక బ్రదికితిమి.

వెనుక చక్రములు తిరుగలేనప్పుడు ఆ బలము బండినే ఇరుసు చుట్టు పైకెత్తును. వెనుకకు తిరుగబడుటకు ఒకటి రెండు క్షణములు చాలును. దూకుటకు వ్యవధి యుండదు. చక్రములకు దుంగ కట్టి పైకి రాజూచుట యిందువలననే ప్రాణాంతకము. లో గేరులో బలము హెచ్చు గనుక అపాయమును హెచ్చే.

దిగబడినచో చక్రములను ఊరక త్రిప్పరాదు, గుంట లోతగును. రోటావేటరును ఆపి, పైకెత్తి, వచ్చిన జాడలోనే మెల్లగా రివర్సు చేయవలయును. రాకున్న వేఱొక ట్రాక్టరును గట్టినేలపై నిలిపి, గొలుసును దాని క్రింది డ్రాబారునకే తగిలించి లాగింపవలయును. ఇరుసుకన్న ఎత్తున తగిలించినచో లాగు బండియే తిరుగబడును. గొలుసు చెంత పిల్లలను, పెద్దలను ఎవరినిగాని నిలువనీయరాదు.

గట్టు దాటునప్పుడును లో గేరే. గట్టును చదును చేసి, ఏటవాలుగా గాక తిన్నగా ఎక్కవలయును. దిగునప్పుడు న్యూట్రలు పనికిరాదు. గేరులోనున్న ఇంజనే బండిని పట్టియుంచును. పని ముగిసి, దమ్ము చక్రములను విప్పి, రోడ్డెక్కిన పిదప హై వేసికొనవచ్చును.